గోరంత దుప్పటి

పుత్తూరులో కట్టు కట్టినాయన చెప్పినాడు
నలభై అయిదు దినాలు చెయ్యి కదపొద్దని.
కోడిగుడ్డు సొన, ఆకు పసరు, వెదురు బద్దలు.
నా కుడిచెయ్యి గుడ్డ చుట్టిన ఊరగాయ జాడీ మాదిరి
మెడకు వేలాడతా ఉండాది.
జీవకోన మెట్ల మింద కాలు జారింది ఒక్క నిమిషం,
దానికి పదహైదు జాకెట్లు బాకీ పడినాను.

మిషను మింద దుప్పటి కప్పినాను.
కప్పినా అది నా పక్కే చూస్తా ఉంటాది.

మూడో దినం, బడి సంచి మూలకేసి మునిలత
అగ్గిపెట్టెలు నాలుగు నా ఒళ్లో పోసె.
"అమ్మా, బీరువా చేద్దామా?"
నాకు మిగిలింది ఎడమచెయ్యి.
దానికేం తెల్సు?
ఇరవై ఏండ్లు సూది పక్కనే కూచోని
గుడ్డ జారకుండా పట్టుకునేది తప్ప
ఏ పనీ నేర్వలే.
"పట్టుకుంటే చాలు, అంటించేది నేను"
అనింది పిల్ల.

అట్లా మొదలాయె,
దాని కుడిచెయ్యి, నా ఎడమచెయ్యి,
ఒక మనిషి పని.

సొరుక్కి పిడి కావాలంటే ఆవగింజ పెట్టినాం, దొర్లిపోయె.
వెతికి వెతికి మిరియం అంటించినాం.
నా నొప్పి మాత్రల రేకు అద్దమాయె,
దాంట్లో మొగం కనపడదు, వెలుతురు మటుకు కనపడతాది.
పేస్టు మూతకు పిన్నీసు వంచి తగిలిస్తే బకెట్టు.
గుండీ తట్టలో తడిమన్ను ముద్ద, అది సంగటి.
"ఊరిబిండి లేకుండా ఎట్లా తింటారమ్మా?"
గోడ గీకి ఇటిక పొడి తెచ్చి
ఎంగిలితో కలిపె, ఛీ అన్నా వినకుండా.

పరుపుకు కంచిపట్టు ముక్క తీసినాను,
కొర్లగుంట టీచరమ్మ జాకెట్టులో మిగిలింది.
మిగిలిన గుడ్డ యాడ అని ఆమె అడగలా,
నేనూ చెప్పలా.
అడిగితే ఇచ్చేస్తాను.
ఇప్పుడు దాని మింద పుల్లతో చేసిన పాప పండుకోని ఉండాది,
లేపేది ఎట్లా?

ఇల్లంటే చెప్పుల అట్టపెట్టె.
కత్తెర నా ఎడమచేతికి తిరగబడతాది,
ద్వారం వంకర పోయింది.
"వంకరగా ఉంటే ఏమి, మనదే గదా" అంటాది,
ఆర్నెల్లకొకసారి సామాన్లు మూటకట్టే పిల్ల.
మేడ మింద ఓనరు ఉన్నాడా అని అడిగితే
పెట్టె మూత ఎత్తి చూపించె:
"పైన ఉండేది మనమే."

ఒక రేత్రి అడిగింది, మిషను చేద్దామా అని.
వద్దన్నాను. ఎందుకో చెప్పలేదు.
మాట కొంచెం గట్టిగానే వచ్చినట్టుంది,
అది సద్దు లేకుండా జిగురు సీసా మూత బిగించి
గోడ పక్కకి తిరిగి పండుకునె.

తెల్లారి నేను మూత తీసి చూద్దును గదా,
కిటికీ కింద, వెలుతురు పడే తావులో,
విరిగిన బాబిను చక్రం, జడపిన్ను సూది,
సబ్బు పెట్టె అట్టతో బల్ల.
తొక్కేదానికి జడపిన్ను అట్ట ముక్క కూడా మర్చిపోలా.
నా అసలు మిషను ఉండేది
తూము పక్కన చీకట్లో.
దీనికి కిటికీ ఇచ్చింది.
దాని మింద
గోరంత దుప్పటి కప్పి ఉండాది.

"దాని చెయ్యి కూడా నయం కావల్ల గదా"
అనింది జడ అల్లుకుంటా, నా పక్క చూడకుండా.

ఆ పూట అన్నం వార్చేటప్పుడు
గంజి ఎంత పోయిందో నాకు తెల్దు.

నలభై ఆరో దినం పుత్తూరు బస్సు.
కట్టు కోసినాక నా చెయ్యి
ఎవరిదో సన్న చెయ్యి మాదిరి, పాలిపోయి, పసరు వాసన కొడతా.
వెదురు బద్దలు బుట్టలో పడెయ్యబోతే
"అవి ఇట్లియ్యన్నా" అన్నాను.
ఆయన నవ్వె: "దేనికమ్మా?"
మంచం కోళ్లకని చెప్తే
ఎంత మంచమని అడుగుతాడు.
ఊరికే తలూపి
కొంగులో ముడేసుకున్నాను.

ఇంటికొచ్చేసరికి
మునిలత పెట్టె ముందర కూచోని ఉండాది.
నా చెయ్యి చూసి, రెండు వేళ్లతో
ముందు ఆ దుప్పటి తీసి మడత పెట్టె.
నా మిషను నూనె కోసం కీచుమంటా
ఇంకో గంటకు కదిలింది.