పట్టీల పేరు కొట్టేసేదాకా

ఎనుమాముల మార్కెట్ల మిర్చి ఘాటుకు
కంప్యూటర్ కూడా తుమ్ముతదని
అడ్తి దుకాణం పైన గదిల కూసున్నంకనే తెలిసింది నాకు.
ఫ్యాను రెక్కల మీద ఎర్ర దుమ్ము,
కీబోర్డు సందుల తాలు గింజ.

జెండా పాట ముగిసిన పావుగంటల
పదకొండు వేల మందికి ధర పోవాలె,
నర్సంపేట కాడ ట్రాలీ ఎక్కించినోనికి,
పరకాలల ఇంకా బస్తా మూతి కుట్టనోనికి.
నా పీహెచ్‌పీ స్క్రిప్టు నిదానం మనిషి.
ఒకరికి చెప్పి, ఊపిరి తీసుకొని, ఇంకొకరికి.
చివరి పేరు చేరేసరికి
యార్డు ఊడ్చేసి ఉంటది.

అందుకే ఫోర్క్ రాసిన.
ఒక్కసారి పిలిస్తే రెండుసార్లు పలికే మాట అది:
తండ్రికి పిల్ల నెంబరు చెప్తది,
పిల్లకు సున్నా అంటది.
అంతే తేడా.
అదే జ్ఞాపకం, అదే లిస్టు,
అదే పేరు మీద ఆగిన అదే వేలు.
నువ్వెవరివో
చేతిల పడ్డ అంకెను చూసుకొనే తెల్సుకోవాలె.

మొదటి రాత్రి
'ఇగ చాలు, పో' అని పిల్లకు చెప్పుడు మరిచిన.
పని చేసిన పిల్ల పోకుండ
లూపు మొదటికొచ్చి తానూ పిల్లల్ని కన్నది,
ఆ పిల్లలు మళ్ల పిల్లల్ని.
గూడూరు బానోతు లచ్చిరాంకు
ఒక్కటే ధర నూటపన్నెండు సార్లు పోయింది.
పొద్దుగాల ఫోన్ చేసిండు:
'ఏమ్మా, ఇవన్నీ కలుపుకోవాల్నా?'

రెండో రాత్రి ఎగ్జిట్ రాసిన.
నలభై మంది పుట్టిన్రు, పని జేసిన్రు, ముగిసిన్రు.
అయినా జాబితాల వాళ్ల నెంబర్లు అట్లనే ఉన్నయి.
మెమరీ తినరు, ప్రాసెసర్‌ను తాకరు,
సంపుదామంటే
సచ్చినోళ్లను ఎట్ల సంపుతవు?
పక్కన ఒక్క అక్షరం, జెడ్.
నాలుగో రోజు
'ఇగ ఎవర్నీ పుట్టించలేను' అన్నది సర్వర్.

చాయ్ కోసం కిందికి దిగిన.
కాంటా పక్కన బస్తా మీద
హమాలీ మేస్త్రి ఓదెలు,
చెవు మీద పెన్సిలు, తొడ మీద పట్టీ.
పని అయిపోయింది, లారీ కూడా పోయింది.
నలభై పేర్లల్ల ముప్పై తొమ్మిదింటి మీద గీతలున్నయి.

'ఇంకెవరి కోసం?'
'పదిహేడు నెంబరు. రాజకొమురు.
నాలుగో షెడ్డుల దించుడయింది,
మొఖం కడుక్కుంటున్నట్టున్నడు.'
'అయిందని నీకెర్కే కదా, గీత కొట్టి పోరాదు?'

లెక్క రాని పిల్లను జూసినట్టు జూసిండు.
'నాకెర్కయితే సరిపోదు బిడ్డా.
వాడచ్చి చెప్పాలె, నేను వినాలె.
గీత పడని మనిషి పనిల ఉండడు,
ఇంటికాడా ఉండడు.
పట్టీల ఇరికి ఉంటడు.'

రాజకొమురు వచ్చిండు తడి చేతులతోని.
'నలభై ఆరు బస్తాలు. ఒకటి పిగిలింది.'
పిగిలింది కూడా రాసుకున్నడు ఓదెలు.
తిట్టలే.
గీత కొట్టి, ఇత్తడి బిళ్ల తీసుకొని
జేబులేసుకున్నడు,
రేపు ఇంకొకరి మెడకు.

పైకొచ్చి
లూపు కింద ఒక్క వరుస చేర్చిన, వెయిట్.
ఇగ తండ్రి ఎటూ పోలే, గుమ్మం కాడ నిలబడ్డది.
పిల్లలు ఒక్కొక్కరే వచ్చి
సున్నా, సున్నా, సున్నా అని చెప్పుకుంట మాయమయిన్రు.
ముందు పోయినోడే ముందు వస్తడని ఏం లేదు,
ఆరో వాడు ముప్పయ్యో వాని తర్వాత వచ్చిండు.

చివరోడు మస్తుసేపు రాలే.
చాయ్ మీద మీగడ కట్టింది.
కిందికెళ్లి తాలు జల్లెడ పడుతున్న చప్పుడు.
వచ్చిండు.
సున్నా అనలే. ఒకటి అన్నడు.

లాగ్ తెరిచి చూసిన, పిగిలింది ఎవరి బస్తానో.
గూడూరు. బానోతు లచ్చిరాం.

ఫోన్ తీసి నేనే నొక్కిన.
'కాకా, ఈసారి ఒక్కసారే చెప్తున్న.
రాసుకో.'