తవుడు పెట్టిన పేర్లు

రాజాంలో గోనెసంచుల కొట్టు మీద గది.
కిటికీకి దుప్పటి కొట్టి
దాన్నే స్టూడియో అంటాం.
కింద తూకంరాళ్ల చప్పుడు రికార్డింగులో పడుతుందని
పనంతా రాత్రి తొమ్మిది దాటాకే.

హార్డ్ డిస్కులో వెయ్యినూట పద్నాలుగు ప్రీసెట్లు.
సగం వాటికి పేర్లు లేవు.
కొత్తది ఒకటి, కొత్తది రెండు,
ఫైనల్, ఫైనల్ అసలుది,
ఇది కాదు,
మీటల మీద చెయ్యి జారితే పడ్డ నాలుగు అక్షరాలు.
పెళ్లి బ్యాండుకి వెళ్లే ముందు రాత్రి
పిల్లనగ్రోవిలా పలికే ఆ ఒక్కటి దొరక్క
రెండు గంటలు వెతికాను.

తవుడు నవ్వాడు.
వాళ్లమ్మకి ముందు ఇద్దరు దక్కలేదు.
మూడోవాణ్ణి చేటలో పడుకోబెట్టి
గుప్పెడు తవుడుకి అమ్మి, మళ్లీ కొనుక్కుని
ఆ పేరే ఉంచేసింది.
చావుకి పిలవబుద్ధి కాని పేరు.
"పేరంటే ఊరికే పెట్టీసీది కాదు గురూ," అన్నాడు,
"పిలిస్తే పలకాల."

నేను బేస్, ప్యాడ్, లీడ్ అని
ఫోల్డర్లు కట్టబోతే ఒల్లన్నాడు.
ఒక్కోటీ వాయించి, కళ్లు మూసుకుని, చెప్పాడు:
వరద తీసిన మర్నాడు నాగావళి.
పొందూరు రాట్నం, నూలు తెగే ముందు.
ఆమదాలవలసలో ఆగని రైలు.
మామ్మ దగ్గు.
"దగ్గేటిరా?" అంటే
ఫిల్టరు కిందికి లాగి వినిపించాడు.
దగ్గే.

ప్రీసెట్టులో శబ్దం ఉండదు.
విప్పి చూస్తే అంకెలు:
ఈ మీట ఇంత, ఆ మీట అంత,
అటాక్ పదకొండు, రిలీజ్ నాలుగొందలు.
పులుసు కాదది, ఉప్పు ఎన్ని చిటికెలో రాసిన చీటీ.
ఎవరి పొయ్యి వాళ్లు రాజేసుకోవాలి.

జముకుకి మాత్రం నెల పట్టింది.
వాళ్ల వీధిలో జముకులకత చెప్పే సిమ్మన్న
తీగ లాగి వదిలితే
మూలుగూ నవ్వూ ఒకేసారి వచ్చేవట.
రెండు ఆసిలేటర్లు, చిటికెడు నాయిస్,
స్వరాన్ని పైకి వంచి జార్చే చక్రం.
ఎన్నోసారికో తవుడు హెడ్‌ఫోను తీసి
చాలాసేపు గోడ చూశాడు.
సిమ్మన్న, అని టైపు చేశాడు.

అడిగిన వాళ్లకల్లా పెన్‌డ్రైవులో ఎక్కించి ఇచ్చాం,
బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం కీబోర్డు కుర్రాళ్లకి.
ఒకడికి బస్సు డబ్బులు కూడా.
నిజం చెప్పాలి, నేను గొణిగాను.
నెల కష్టం, అర నిమిషం కాపీ.

మూడేళ్లకి, పైడితల్లి సిరిమాను రోజు,
విజయనగరం జనంలో ఊపిరాడక నిలబడితే
డీజే బండి మీంచి సిమ్మన్న మూలిగాడు.
మాదే.
కాదు. వంపు చివర
మేం పెట్టని వణుకొకటి.

ల్యాప్‌టాపు ముందు పద్దెనిమిదేళ్ల గుంట.
తెర మీద పేరు వేరు: ఎర్నమ్మ.
నేను గొంతు సవరించుకునేలోగా
తవుడు బండెక్కేశాడు.
"ఎర్నమ్మెవరమ్మా?"
"మా పెద్దమ్మ. ఏడిస్తే ఇలగే ఉంటాది."
"ఆ వణుకెంత పెట్టావు?"
ఆ పిల్ల చెప్పింది. వాడు అరచేతిలో రాసుకున్నాడు.
తర్వాత మెళ్లో తాడుకున్న పెన్‌డ్రైవు తీసి
అదీ చాపాడు.

ఇప్పుడు సిమ్మన్న పక్కనే ఎర్నమ్మ ఉంది.
అన్నిటికీ పేర్లయ్యాయి,
'ఇది కాదు' తప్ప.
దాన్ని మార్చబోతే చెయ్యి పట్టుకుంటాడు తవుడు.
దాని పేరదే, అంటాడు.