కరెంటు తగ్గితే

పత్తికొండ టమోటా మార్కెట్టు, తెల్లారి ఐదున్నర.
క్రేట్ల మీద తడి ఆరకముందే బల్ల సర్దుకున్నా.
అగ్గిపుల్లంత తెల్ల పట్టీ,
కొసన నల్లటి చుక్క: కార్బన్.
దాని మీద, కంటికి ఆనకుండా,
ఎక్కడో సముద్రాల అవతలి ఏట్లో
కరెంటు చేప ఒంట్లోంచి తీసిన ఎంజైము.

మండీ గుమాస్తా వంగి చూశాడు:
"షుగరు పరీక్షనా మేడం?"
అట్లాంటిదే. కాకపోతే టమోటాకు.

మేత చుక్క వేస్తే ఇది నములుతుంది.
నమిలినంత కరెంటు,
పన్నెండు మైక్రో ఆంపియర్లు,
చీమ కూడా ఉలిక్కిపడదు.
పురుగుమందు తగిలిందా, దవడ బిగుస్తుంది.
ఎంత తగ్గితే అంత విషం.
ఐదేళ్లు కూర్చుని నేను చేసిన ఈ సాక్షి
అరవదు, గంట కొట్టదు.
నోరు పడిపోవడమే అది చెప్పే మాట.

తుగ్గలి క్రేటు: పదకొండున్నర.
దేవనకొండ క్రేటు: పదకొండు.
ఇంకొకటి, పదిన్నర. కడుక్కుని తినొచ్చు.
గుమాస్తా ముఖం చిన్నబోయింది,
ఏదో ఒకటి పట్టుబడితే చూద్దామని నిలబడ్డాడు పాపం.

అప్పుడొచ్చాడు మద్దిలేటి, క్రేట్లు దించి,
చేతులు లుంగీకి తుడుచుకుంటూ.
"ఏంది మా, పండ్లకు పానం బాలేదా?"
ట్యాంకుకు ఇంతని మాట్లాడుకుని
ఊరూరా మందు కొట్టే మనిషి.
"నిన్న మిరపకు పదారు ట్యాంకులు కొట్టినా.
రాత్రి నుంచి కండ్లు మసక.
దీంట్లో నాది గూడా సూడు."

ఇది మనుషులకు కాదన్నా.
అంటూనే దూది తడిపి
అతని అరచేతి గీతల మీద నడిపించా,
సోది చెప్పేదానిలా.

పది నిమిషాలు ఆగాలి.
ఆ పది నిమిషాల్లో ఒక టీ,
సగం బీడీ,
ఇచ్చిన గ్లౌజులు చెమటకు జారతాయనీ
మూతికి గుడ్డ కడితే ఊపిరాడదనీ
గాలి ఎదురు తిరిగితే నాలుక మీద చేదు తెలుస్తాదనీ
అది కూడా నవ్వుతూనే.

మూడు పాయింట్ ఒకటి.

పట్టీ మార్చా. మళ్ళీ చూశా.
రెండు పాయింట్ తొమ్మిది.

"తగ్గిందా మా?" తెరలోకి తొంగి చూశాడు.
"మంచిదేగా. షుగరు తగ్గితే మంచిదంటారు,
బీపీ తగ్గితే మంచిదంటారు."

ఎట్లా చెప్పను?
నల్లచుక్క మీద చచ్చిందే
పచ్చపురుగు నరంలోనూ ఉందని,
అదే నీ కనురెప్పలోనూ ఉందని,
అదే నీ రొమ్ము కింద
ఊపిరిని లాగి వదులుతోందని.
నా ఎంజైముకైతే విరుగుడుంది,
సీసాలోంచి ఒక చుక్క,
లేచి మళ్ళీ మేతకొస్తుంది.
అందుకో అధ్యాయం రాశా, పటాలు కూడా గీశా.
"పంట ఉత్పత్తులపై అవశేషాలు" అని అట్ట మీద పేరు.
ఆ పేరులో
పంటకూ అవశేషానికీ నడుమ
చేయి ఒకటుందని తోచలేదు.

పంపు దగ్గర సబ్బుతో మూడుసార్లు కడిగించా.
గుమాస్తా బల్ల చూసుకుంటానన్నాడు.
స్కూటీ ఎక్కమంటే మొహమాటపడ్డాడు.

గతుకుల్లో పట్టుకో మద్దిలేటీ, పడతావ్ అన్నా.
పట్టుకోలేదు.
"నీకంటుకుంటాదేమో మా,"
రెండు చేతులూ అటూ ఇటూ గాల్లో చాపుకుని
కూర్చున్నాడు,
పెద్దాసుపత్రి గేటు దాకా.