నూట నలభై మూడో పేజీ

పూర్ణా మార్కెట్ వెనక అద్దె పుస్తకాల కొట్లో
"ఆకుపచ్చ సైరన్" ఒక్కటే ప్రతి.
రోజుకి మూడు రూపాయలు.
మాకంటే ముందు ఎవరో వేరుశనగలు తింటూ చదివారు,
ఎవరో మేదిని పేరు కింద ప్రతిసారీ గీత గీశారు,
ఎవరో
నూట నలభై రెండు తర్వాత ఒక ఆకు చింపుకుపోయారు.

నూట నలభై రెండు చివర
తుపాను రాత్రి, షిప్‌యార్డు గోడ మీద మేదిని,
రెండో కాలు ఇటా అటా అని ఆగుతుంది.
నూట నలభై ఐదు మొదట్లో
ఆమె చేతికి కట్టు. వాడు మాట్లాడ్డం మానేశాడు.
మధ్యలో ఏం జరిగిందో
కంచరపాలెం నుంచి కాలేజీదాకా బస్సులో
ఇంటర్ రెండేళ్లూ నేనూ హెప్సిబా రాసుకున్నాం, నోటితోనే.
వానల్లో ఒకలా, పరీక్షల ముందు ఇంకోలా.
హెప్సిబా కథలో మేదిని దూకుతుంది.
నా కథలో దూకదు, గోడే కూలుతుంది.
కండక్టరు ఓసారి విని
"మజ్జిలో నన్నూ పెట్టండమ్మా" అన్నాడు.
పెట్టాం.
వానలో టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాడు పాపం,
ఎవర్నీ టిక్కెట్టు అడక్కుండా.

సినిమా తీస్తున్నారని తెలిసిన రాత్రి
హెప్సిబా ఫోన్ చేసి, ఇంకేమీ అనకుండా
సైరన్‌లా కూసింది.
ఇక ఏడాదంతా కాపలా.
పోస్టర్‌లో మేదినికి జడ!
పుస్తకంలో జుట్టు గురించి ఒక్క ముక్క లేదు,
అయినా మాకు తెలుసు ఆమెకి జడ లేదని.
నాకు మా డ్రిల్లు టీచరు క్రాపు,
హెప్సిబాకి వాళ్ల చిన్నమ్మ ఉంగరాల జుట్టు.
ఇన్నాళ్లూ మేం మాట్లాడుకుంది ఒకే పిల్ల గురించి కాదని
ఆ పోస్టర్ ముందు నిలబడితే గానీ తెలియలేదు.
టీజర్ని పదకొండుసార్లు ఆపి ఆపి చూశాం.
గోడ ఉంది. ఎత్తు తక్కువ.
"మా మేనత్త కూడా ఎక్కెయ్యగల్దు" అంది హెప్సిబా.

జగదాంబ సెంటర్లో మొదటి ఆట.
తీర్పు రాయడానికి చిన్న డైరీ తెచ్చింది.
చీకట్లో రాసింది కదా, సగం ఇప్పటికీ చదవలేం.
"సముద్రం మరీ నీలం."
"వాళ్లమ్మ ఏదీ?"
పుస్తకంలో సముద్రం ఒక్కసారీ కనబడదు.
గాజువాక క్వార్టర్స్ కిటికీలోంచి వాసనే:
తుప్పూ, ఎండుచేపా, వాన ముందు ఇనుమూ.
తెర మీద మా ఊరెప్పుడూ పైనుంచే.
కొండ, వంపు, నురగ,
గద్దలకి మాత్రమే అద్దెకిచ్చిన ఊరిలా.

అయినా ఒప్పుకోవాలి.
తాతయ్య పాత రేడియో బ్యాటరీల్ని ఎండలో పెట్టే చోట
నా గొంతు పట్టేసింది.
చదివినప్పుడు ఆ వాక్యాన్ని దాటుకుని పరిగెత్తాను,
తర్వాతేంటి తర్వాతేంటి అని.
ఎవరివో గాని ఆ ముసలి చేతులు
నన్ను వెనక్కి పిలిచి దాని ముందు కూచోబెట్టాయి.
డైరీలో అది రాయలేదు హెప్సిబా.
రాయమని నేనూ అనలేదు.

ఇక గోడ.
గాలి. సైరన్. మేదిని ఎక్కింది.
ఒక కాలు అటు.
నేను హెప్సిబా చెయ్యి గిచ్చాను, తను నాది.
రెండేళ్ల బస్సు ప్రయాణం, అద్దె కట్టిన రూపాయలన్నీ
ఆ రెండో కాలి మీద

విశ్రాంతి.

లైట్లు. సమోసాల కేక.
మళ్లీ చీకటి పడేసరికి చేతికి కట్టు. వాడు మౌనం.
ముందు వరస వాళ్లు తిరిగి చూసేంత నవ్వు మాకు.
"ఒలే, ఈ డైరెక్టరు కూడా మన కొట్లోదే చదివాడే!"

బీచ్ రోడ్డులో ముంత మసాలా తింటూ
పదికి నాలుగున్నర ఇచ్చాం. అర మార్కు బ్యాటరీలకని
ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు.
ఆ రాత్రి కళ్లు మూసుకుంటే
మేదినికి జడ వచ్చేసింది.
డ్రిల్లు టీచరు క్రాపు ఎంత లాగినా రాలేదు.

తర్వాత కొత్త ప్రతి కొన్నాం, అట్ట మీద ఆ నటే.
ఆకులన్నీ ఉన్నాయి.
హెప్సిబా చూడకుండా వేళ్లతో లెక్కపెట్టి
నూట నలభై మూడుకి స్టేప్లర్ కొట్టేసింది,
నాలుగు పిన్నులు.
లోపల, గోడ మీద,
క్రాపు తడుస్తూనే ఉంది.
కండక్టరు టార్చి ఆర్పలేదు.