207లో ఎవరో మరిచిపోయిన పుస్తకం

దుప్పట్లు మార్చే రెడ్డెమ్మక్క
దిండు కింద దొరికిందని తెచ్చి కౌంటర్ మీద పడేసింది.
అట్ట మీద తుప్పు పట్టిన కారు,
దాని పైన కాళ్లు వేలాడేసుకోని ఒక పిలగాడు.
ఆస్ట్రేలియా అంట.
క్రికెట్‌లో తప్ప నాకా దేశం తెలీదు.

తిరుపతిలో లాడ్జి నైట్ డ్యూటీ అంటే
గుండ్లకి చందనం పూసుకున్నోళ్లు లోపలికొచ్చి
వేన్నీళ్లు ఎన్నింటికని అడగడం.
ఒంటిగంట దాటితే ఎవరూ ఏమీ అడగరు.
అప్పుడు చదువుతా,
పేజీకి పదిసార్లు ఫోన్లో అర్థాలు వెతుక్కుంటా.

ఆ పిలగాడికి పదమూడు.
వాళ్లన్న సంచి ఒకటి ఇచ్చి సైకిల్ మీద పంపిస్తాడు,
ఏముందని అడగొద్దంటాడు.
అడగడు.
అక్కడ పుస్తకం మూసి నీళ్లు తాగినా.

రాసినాయనకి కొన్ని తెలుసు.
మొదటి డబ్బులు ఎంత మెత్తగా ఉంటాయో తెలుసు,
వాటితో కొన్న బూట్లు అమ్మకి కనపడకుండా
యాడ దాచాలో తెలుసు.
భయం కడుపులో పుడతాదని రాసినాడు, అది మాత్రం తప్పు.
నాకు చెవుల్లో పుట్టింది.

భాకరాపేట ఘాట్‌లో రాత్రి రెండున్నర.
ముందర పల్సర్ మీద నేను,
అర కిలోమీటరు వెనక ఎర్రచందనం దుంగలేసుకున్న సుమో.
జీపు కనపడితే మిస్డ్ కాల్, అంతే నా పని.
పైలట్ అనేవాళ్లు నన్ను.
పదో తరగతి తప్పినోడిని పైలట్ అని పిలిస్తే ఎట్లుంటాదో
మీరే చెప్పండి.

నా వెనక కూర్చునేది ఢిల్లీబాబు.
పాకాల దాటి రైలెక్కని ఢిల్లీబాబు.
"వినపడతా ఉందా?" అనేవాడు మలుపు మలుపుకీ.
చెట్ల సందున ఇంజను చప్పుడు
ఉన్నట్టూ లేనట్టూ.
ఆ రాత్రి నేను లేదన్నా.

తర్వాతది పేపర్లో నాలుగు లైన్లు.
పేరు కూడా తప్పే వేసినారు, ఢిల్లీరావు అని.
స్టేషన్లో అడిగినారు, వాడు నీకు తెలుసా అని.
తెలీదు సార్ అన్నా.
రెండోసారి అడిగినా అదే అన్నా.
వాళ్లమ్మ గేటు దగ్గర నిలబడుండాది,
చెప్పులు చేత్తో పట్టుకోని.

నూట పన్నెండో పేజీలో 'డాబ్' అని ఒక మాట.
ఫోన్ చాలాసేపు తిరిగి చెప్పింది,
మనోడిని పోలీసులకి పట్టియ్యడం అని.
నేను పట్టియ్యలేదు.
ఎరగనన్నోడిని ఏమంటారో
వెతికినా, ఆ దేశం మాటల్లోనూ దొరకలేదు.

ఇంకో యాభై పేజీలుండాయి.
పిలగాడు బస్సు టైములు కనుక్కుంటా ఉండాడు.
నాకెందుకో వాడు పోకూడదనే ఉండాది.

నిన్న రాత్రి ఫోన్.
"207లో దిగినాం, పుస్తకం ఏమన్నా దొరికిందా బాబూ?"
మర్యాదగలాయన, కొరియర్ ఖర్చు కూడా ఇస్తానన్నాడు.
పుస్తకం నా చేతి కిందే, వేలు పేజీ మధ్యలో.
తెలీదు సార్ అన్నా.

పెట్టేసినాక గుర్తొచ్చింది,
ఆయన అడిగింది దొరికిందా అని,
తెలుసా అని కాదు.