సున్నా నంబరు

సిరొంచ సేతు కేంద్రంల రాత్రి తొమ్మిదిన్నర.
కరెంటున్నది, అదే పెద్ద సంగతి.
తలాఠి సాహెబు పంపిన ఫైలుల
నాలుగు వేల రెండు వందల పన్నెండు వరుసలు,
ప్రాణహిత పొంగి ముంచిన మిర్చిచేన్ల లెక్క.
గడికొక్క ముక్క రాయాల్సింది
ఒక్క గడిలనే ఇల్లంతా కుక్కిండ్రు:

జాడి ఓదెలు తండ్రి లస్మయ్య మౌజా అంకీస
గట్ నంబరు 112 ఎకరం ఇరువై గుంటలు
మోటరు కొట్టుకపోయింది బర్రె దొరకలేదు

"పేరు, తండ్రి పేరు, గట్ నంబరు. ఇంతే," అన్నడు ఫోన్ల.
"బర్రెతోని నాకేం పని?"

సరే, నమూనా రాసిన.
వరుస మొత్తాన్ని ఆనవాలు పట్టాలె,
చేతికి మాత్రం నాలుగు ముక్కలే రావాలె.
ఏది కావాలో దాని చుట్టూ రెండు వంకర గీతలు.
మరాఠీ బళ్లె వీటిని కంస అనేటోళ్లు.
దేవకి పిల్లల్ని పట్టుకున్నోడు యాదికొచ్చి
నాకొక్కదానికే నవ్వొచ్చేది,
దెబ్బలు గూడ నాకొక్కదానికే.

కల్లంల మా అమ్మ మిర్చి తొడిమలు తీస్తది.
కాయంతా వేళ్ల నడుమకొస్తేనే
తొడిమ ఎక్కడున్నదో తెలుస్తది.
తీసేది ఇంతంత.
మంట మాత్రం కాయంతది.

నంబరుకు ముందు
చుక్క పెట్టి, దాని పక్కన ఇంకో చుక్క పెట్టిన.
ఒకటి నూగుగింజంత, ఒకటి ఆకాశంలది,
మన భాషల రెండూ చుక్కలే.
రెండు కూడినయంటే వాటి ఆకలికి హద్దు లేదు.
నూట పన్నెండుల గూడ రెండంకెలు మింగి
చివరి రెండును నా చేతిల పెట్టినయి.
ఓదెలు చేను రెండో నంబరైంది.
రెండో నంబరంటే నది నడిమిట్ల ఇసుకమేట.
పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టిన.
అప్పుడు సిగ్గుపడి
నూట పన్నెండును నిండుగ వదిలినయి.

ఇగ పేర్లు.
రెండు, మూడు, ఒకటి అని తిప్పి రాస్తే
ఓదెలు లస్మయ్య జాడి.
మా దిక్కు ముందు నడిచే ఇంటిపేరు
సర్కారు కాయితంల వెనక నిలబడతది.
నా పేరు గూడ ఐదో తరగతిల గిట్లనే తిరగబడ్డది.

నాలుగు వేల రెండు వందల ఒకటి వచ్చినయి.
పదకొండు రాలేదు.
తెరిచి చూస్తే

తోకల సడాలు తల్లి బానక్క

తండ్రి అని రాసిన, భర్త అని రాసిన,
తల్లి అని రాయలే.
నీళ్లు వాళ్ల చేన్లకు గూడ వచ్చినయి,
నా నమూనా పోలే.
నిట్టగీత గీసి తల్లిని చేర్చిన.
ఆ కంసకు మాత్రం చెప్పిన:
చూసి దారియ్యి, పట్టుకోకు.

పదకొండున్నర.
ఇంకో సంగతి.
ఒకటి, రెండు, మూడు, నాలుగు అని
ముక్కలకు నంబర్లుంటయి గద,
సున్నా అడిగితే వరుస మొత్తం వస్తది,
మోటరుతోని, బర్రెతోని.
సున్నా అంటే ఏం లేదని
అదే బళ్లె, అదే సారు చెప్పిండు.

సాహెబు అడగలే.
అయినా ఆఖరు కాలమ్‌ల సున్నా పెట్టిన.
ప్రింటు తీసిన.
కాయితం వెడల్పు చాలలేదు.
ఓదెలు వరుసల ఆఖరికి

మోటరు కొట్టుకపోయింది బర్రె దొర

అక్కడ అంచు.