కాశిమేడులో వియ్యంకుడు

రాజోలు నుంచి వచ్చిన మా వియ్యంకుడు
కాఫీ గ్లాసు కింద పెట్టకముందే అడిగాడు:
"మీ మద్రాసులో మంచి చేప ఎక్కడ దొరుకుతుందండీ, బావగారూ?"
'మీ మద్రాసు' అన్నచోట పెదవి కొంచెం వంకర పోయింది.
పులస తిన్న నోరు మరి.

మా వాడు ఫోను తీసి
అడయారులో ఏసీ హోటళ్ళు నాలుగు చూపించాడు.
నేను ముప్పై ఒక్క ఏళ్ళు
రాయపురం ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసినవాణ్ణి.
ఏ చేప ఎన్నాళ్ళు మా ఐసు కింద పడుకుందో
నాకు తెలుసు, హోటలువాడికి తెలుసు.
తినేవాడికే తెలీదు.
"రేపు మూడింటికి లేవండి" అన్నాను.
"మధ్యాహ్నమాండీ?" అన్నాడు పాపం.

చీకట్లో కాశిమేడు.
డీజిలు పొగ, ఉప్పు, కాళ్ళ కింద పొలుసుల జారుడు.
వేలం అరవంలో, తిట్లు తెలుగులో.
తట్టలోంచి జారిన సావడాయలు
పాత పట్టుచీరల నుంచి ఊడదీసిన జరీ అంచుల్లా పడున్నాయి.
వియ్యంకుడు పంచె ఎగగట్టి
ఒక మాగ మొప్ప ఎత్తి చూశాడు.
ఎర్రగా ఉంది.
ఏమీ అనలేదు. ఇంకోటి ఎత్తాడు.
మా అమ్మాయి జాతకం కూడా
ఇంత శ్రద్ధగా చూడలేదు ఆయన.

వంజరం కొందామన్నాడు.
వద్దన్నాను. అది నలుగురికీ చూపించే చేప.
కిలో కానాగంతలు కొని
వలలు కుట్టే షెడ్డు వెనక్కి నడిపించాను.

బోర్డు లేదు.
నీలం టార్పాలిన్, రెండు పొయ్యిలు, గురమ్మ.
బారువ నుంచి బోటు పనికొచ్చిన దానేసు వెంట
పందొమ్మిదేళ్ళ కిందట దిగింది ఇక్కడ.
అతను వేటలో ఉన్నన్నాళ్ళూ
రేడియోలో పాటలు పెట్టదు,
వాతావరణం మాత్రం వింటుంది.
ఇవాళ ఆరో రోజు.

తెచ్చిన చేప వేపుడికి తీసుకుంది.
పులుసు మాత్రం నిన్నటిదే అంది.
"నిన్నటిదా!" వియ్యంకుడు నా వైపు తిరిగాడు,
కట్నాల్లో తేడా వచ్చినట్టు.
గురమ్మ గరిట ఆపలేదు.
"ఏటి బావూ, సేపకి తాజా గావాల గానీ
పులుసుకి ఓ రాత్రి నిద్దర గావాల."

అలవాటు కొద్దీ నేను
ఎన్నూరు కాలువ రొయ్యలున్నాయా అని అడిగాను.
"సెల్లమ్మ రాటం మానీసింది" అంది.
చెల్లమ్మ నడుం లోతు నీళ్ళలో నిలబడి
చేత్తో తడిమి రొయ్యలు పట్టేది,
బుట్ట పళ్ళతో కరిచి పట్టుకుని.
ఇప్పుడు చేతికి బూడిద తగులుతోందట.
ఇంకేమీ చెప్పలేదు గురమ్మ.
నేనూ అడగలేదు.

ఏప్రిల్ నడిమిలో పొయ్యిలు రెండూ ఆర్పేస్తుంది,
వేట నిషేధం అయ్యేదాకా.
ఆ రోజుల్లో ఎవరైనా
ఇప్పుడే ఒడ్డుకొచ్చిన వంజరమండీ అంటే
నవ్వి ఊరుకోండి.

సత్తు పళ్ళెంలో అన్నం, పులుసు.
మామిడికాయ ముక్క ఒకటి కరిగీ కరగక.
వియ్యంకుడు మొదటి ముద్ద అనుమానంగా తిన్నాడు.
రెండోది నెమ్మదిగా.
తర్వాత లెక్క నాకూ తప్పింది.
పులస మాట ఎత్తలేదు.
గోదావరి మాటా ఎత్తలేదు.
వేలి కణుపుల మధ్య
ముల్లు వెతుక్కుంటూ
చిన్నపిల్లాడిలా ఒంగి కూర్చున్నాడు.

గురమ్మ తలకాయ ముక్క తీసి
ఆయన పళ్ళెంలో వేసింది.
డబ్బు లెక్క పెట్టినప్పుడు అది కలపలేదు.
"వియ్యాలోరు గదా" అంది.
అంతలో రేడియోలో గాలి వేగం చెబుతుంటే
చెయ్యెత్తి మమ్మల్ని మాట్లాడొద్దంది.
గరిట అంచున పులుసు బొట్టు
పడకుండా ఆగింది.

సాయంత్రం సెంట్రల్లో బండెక్కించాను.
"ఫరవాలేదండీ మీ మద్రాసు" అన్నాడు, పెద్దమనిషి తరహాగా.
బండి కదిలింది.
నేను చూడటం లేదనుకుని
కిటికీ పక్కన కూర్చున్నాయన
కుడిచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని
ఒకసారి,
బేసిన్ బ్రిడ్జి వైపు మలుపు తిరిగేలోగా
మళ్ళీ ఒకసారి.